జరిగిపోయిన పనిని ఇంగ్లీష్‌లో చెప్పడం ఎలా? ఒక్క క్రియతో మొదలుపెట్టండి

"హ్యాడ్ ఎప్పుడు వాడాలి?" "డిడ్ పెట్టాక ఈడీ ఎందుకు తీసేయాలి?" "వాషెడ్ అనాలా, ఇంకేదైనా అనాలా?" ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ మూడే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. చదివి వదిలేయకుండా, నోటుబుక్ పక్కన పెట్టుకుని వరుసగా చేసుకుంటూ రండి.

పన్నెండు టెన్సుల పట్టిక ఇందులో ఉండదు. ఆ పట్టిక కంఠతా వచ్చినవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు ఆగిపోతారు. మనసులో ముందు పుట్టేది తెలుగు వాక్యం, పట్టిక కాదు. అందుకే తెలుగు క్రియ దగ్గరే మొదలుపెడదాం. కడిగాను, కడుగుతున్నాను, కడిగేవాణ్ణి, అప్పటికే కడిగేశాను. ఈ నాలుగింటికీ ఉన్న తేడా మీకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లీష్‌లో ఏ రూపం వాడాలో ఆ తేడానే మీకు చెబుతుంది.

ఇందుకు కావలసినవి:

- ఒక నోటుబుక్, పెన్ను
- వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్
- ఒక డిక్షనరీ, పుస్తకమైనా యాప్ అయినా
- ఒకే ఒక్క క్రియ. మనం "వాష్" తీసుకుందాం, అంటే కడగడం. ఒక్కటి పూర్తిగా పట్టుబడితే మిగతా రెగ్యులర్ క్రియలన్నీ అదే దారిలో వస్తాయి.

ఒక మాట. ఇంగ్లీష్ పదాలను ఇక్కడ పలికేట్టుగా రాస్తున్నాను. స్పెల్లింగ్ గురించి చెప్పాల్సినచోట అక్షరాల పేర్లు చెబుతాను.

1. మీ క్రియ రెగ్యులరా కాదా చూసుకోండి

చివర ఈడీ చేర్చితే భూతకాలం అయ్యేది రెగ్యులర్ క్రియ. వాష్, కాల్, ఓపెన్, స్టార్ట్, వెయిట్ ఇలాంటివి. "గో" అలా కాదు, అది "వెంట్" అవుతుంది. "కట్", "పుట్" అసలు మారనే మారవు.

డిక్షనరీలో క్రియ పక్కన వేరే రూపాలు ప్రత్యేకంగా ఇచ్చి ఉంటే అది సాధారణంగా ఇరెగ్యులర్. ఏమీ ఇవ్వకపోతే రెగ్యులర్ అనుకోవచ్చు. కొన్ని డిక్షనరీలు రెగ్యులర్‌కి కూడా ఈడీ రూపం చూపిస్తాయి కాబట్టి, ఆ రూపం చివర ఈడీ ఉందో లేదో ఒకసారి చూడండి. భాషలోకి కొత్తగా వచ్చే క్రియలు దాదాపు అన్నీ రెగ్యులరే. గూగుల్ చేశాను అనడానికి "గూగుల్డ్" అంటే సరిపోతుంది.

2. ముందు తెలుగులో అనుకోండి, క్రియ చివర చూడండి

నోటుబుక్‌లో ఈ నాలుగు వాక్యాలూ రాసుకోండి.

- నిన్న కారు కడిగాను. → ఐ వాష్ట్ ది కార్ యెస్టర్డే.
- నువ్వు ఫోన్ చేసినప్పుడు కారు కడుగుతున్నాను. → ఐ వాజ్ వాషింగ్ ది కార్ వెన్ యు కాల్డ్.
- ఆ రోజుల్లో ప్రతి ఆదివారం కారు కడిగేవాణ్ణి. → ఐ యూస్టు వాష్ ది కార్ ఎవ్రీ సండే.
- నువ్వు ఫోన్ చేసేసరికి అప్పటికే కారు కడిగేశాను. → ఐ హ్యాడ్ వాష్ట్ ది కార్ వెన్ యు కాల్డ్.

ఆడవాళ్ళు కడిగేదాన్ని అనుకుంటారు. ఇంగ్లీష్‌లో ఆ తేడా లేదు. అసలు ఇక్కడ ఇంగ్లీష్ మనకంటే చాలా తేలిక. తెలుగులో కడిగాను, కడిగావు, కడిగాడు, కడిగింది, కడిగారు అని మనిషిని బట్టి మార్చాలి. అక్కడ ఎవరు కడిగినా "వాష్ట్" ఒక్కటే.

రెండో వాక్యం దగ్గర జాగ్రత్త. "నువ్వు ఫోన్ చేసినప్పుడు కడుగుతున్నాను" అన్నా, "ఇప్పుడు కడుగుతున్నాను" అన్నా మనకు క్రియ ఒకటే. అందుకే చాలామంది "యెస్టర్డే ఐ యామ్ వాషింగ్" అనేస్తారు. ఇంగ్లీష్‌లో నిన్నటి మాటకు "యామ్" పనికిరాదు, "వాజ్" కావాలి. యు, వి, దే అయితే "వర్".

3. ఈడీ సరిగ్గా రాయండి

ఎక్కువ క్రియలకు ఈడీ తగిలిస్తే చాలు. నాలుగు చోట్ల మాత్రం చూసుకోవాలి.

చివర ఇప్పటికే ఈ ఉంటే డీ ఒక్కటే చేర్చండి. అరైవ్, యూజ్, డాన్స్ ఈ రకం.

చివర వై ఉంటే దాని ముందు అక్షరం చూడండి. స్టడీలో వై ముందు డీ ఉంది, అది హల్లు. కాబట్టి వై తీసి ఐ పెట్టి ఈడీ చేర్చాలి. ప్లే‌లో వై ముందు ఏ ఉంది, అది అచ్చు. కాబట్టి వై అలాగే ఉంటుంది.

స్టాప్, ప్లాన్ లాంటి చిన్న పదాల్లో చివర ఒక హల్లు, దాని ముందు ఒకే ఒక్క అచ్చు ఉంటాయి. అప్పుడు ఆ హల్లును రెండుసార్లు రాయాలి: ఎస్ టీ ఓ పీ పీ ఈ డీ. వెయిట్‌లో టీ ముందు ఏ, ఐ అని రెండు అచ్చులున్నాయి, కాబట్టి టీ ఒక్కసారే. ఫిక్స్ చివరనుండే ఎక్స్‌ని ఎప్పుడూ రెండుసార్లు రాయరు.

పదం పెద్దదైతే ఎక్కడ ఒత్తి పలుకుతున్నారో వినండి. "ప్రిఫర్"లో ఒత్తు చివరి భాగం మీద ఉంది కాబట్టి ఆర్ రెండుసార్లు. "విజిట్"లో ఒత్తు మొదట్లోనే ఉంది కాబట్టి టీ ఒకటే. "ట్రావెల్" లాంటి, ఎల్‌తో ముగిసే పదాల దగ్గర మాత్రం బ్రిటిష్ వాళ్ళు రెండు ఎల్‌లు, అమెరికన్లు ఒకటి రాస్తారు. ఏదైనా ఒప్పే, ఒకే రాతలో రెండూ కలపకండి.

ఐఎన్‌జీ చేర్చేటప్పుడు వై ఎక్కడికీ పోదు. స్టడీయింగ్‌లో వై, ఐ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈడీ అలవాటుతో వై ఎగరగొట్టడం చాలా నోటుబుక్‌ల్లో కనిపించే తప్పు.

4. ఈడీని సరిగ్గా పలకండి

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. రాతలో ఈడీ ఒకటే, నోట్లో మాత్రం మూడు రకాలు: ట్, డ్, ఇడ్.

తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్ళకు ఇది చాలా సులువుగా తెలిసిపోతుంది. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. పరుషం పలికితే గొంతులో అదురు ఉండదు, సరళం పలికితే ఉంటుంది. ఇంగ్లీష్ ఈడీ తన ముందున్న ధ్వనితో జత కడుతుంది, అంతే.

- ముందు అదురు లేని ధ్వని ఉంటే, అంటే క్, ప్, చ్, స్, ష్, ఫ్ లాంటివైతే, ఈడీ కూడా అదురు లేని ట్ అవుతుంది. వర్క్‌ట్, స్టాప్ట్, వాచ్ట్, డాన్స్ట్, వాష్ట్, లాఫ్ట్.
- ముందు అదురు ఉన్న ధ్వని ఉంటే, అంటే గ్, బ్, జ్, వ్, ల్, మ్, న్ లేదా అచ్చు అయితే, డ్. కాల్డ్, ప్లాన్డ్, అరైవ్డ్, ప్లేడ్.
- క్రియ ట్ లేదా డ్‌తోనే ముగిస్తే ఆ రెండూ పక్కపక్కన పలకడం కుదరదు కాబట్టి మధ్యలో ఒక అచ్చు వస్తుంది. వెయిటిడ్, స్టార్టిడ్, నీడిడ్. ఈడీని విడిగా ఒక అక్షరంలా పలికేది ఇక్కడే. "వాషెడ్", "వర్కెడ్" అనకూడదు.

చెవిని నమ్మండి, స్పెల్లింగ్‌ని కాదు. లాఫ్ చివర రాతలో జీ హెచ్ ఉంటాయి, వినపడేది ఫ్. కాబట్టి లాఫ్ట్.

గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి "వాష్" అని చివరి ష్‌ని సాగదీయండి. అదురు తెలియదు. ఇప్పుడు "కాల్" అని ల్‌ని సాగదీయండి. వేళ్ళకు సన్నగా అదురు తగులుతుంది. అనుమానం వచ్చిన ప్రతి క్రియకీ ఈ పరీక్ష చేయండి.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగియడానికి ఇష్టపడతాయి. అందుకే "కాల్డు", "వాష్టు" అని చివర ఉకారం చేరిపోతుంది. దీనికి విరుగుడు: వెనకాల "ఇట్" తగిలించి పలకండి. "ఐ ఓపెన్డ్ ఇట్" అనేదాన్ని "ఓపెన్ డిట్" అని, "వాష్ట్ ఇట్" అనేదాన్ని "వాష్ టిట్" అని కలిపేయండి. చివరి హల్లు పక్క మాటలోకి జారిపోతుంది, ఉకారానికి చోటే ఉండదు. పది సార్లు అలా అన్నాక "ఇట్" తీసేసి పలికి చూడండి.

"యూస్టు" అనేది ఒక మినహాయింపు. వాడాను అనే అర్థంలో అయితే "యూజ్డ్". చేసేవాణ్ణి అనే అర్థంలో మాత్రం "యూస్టు". స్పెల్లింగ్ రెంటికీ ఒకటే.

5. లేదు అని చెప్పండి, ప్రశ్న అడగండి

"ఐ డిడ్ నాట్ వాష్ట్" అనే తప్పు రాని నోటుబుక్ నేనింతవరకూ చూడలేదు. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు కూడా తొందరలో ఇలాగే అంటారు. నిజానికి ఈ ఒక్కచోట తెలుగు, ఇంగ్లీష్ ఒకేలా నడుస్తాయి. "కడగలేదు" అనే మాటను విడదీసి చూడండి: కడగ, లేదు. "కడిగాను లేదు" అని మనం అనం. కాలం చెప్పే పని "లేదు" తీసుకుంది కాబట్టి క్రియ మామూలుగా ఉండిపోయింది. "డిడ్ నాట్ వాష్" కూడా అంతే. "డిడ్ నాట్" అంటే "లేదు", "వాష్" అంటే "కడగ". ఇంకా ఒక పోలిక ఉంది. నేను కడగలేదు, వాడు కడగలేదు, వాళ్ళు కడగలేదు అని తెలుగులోనూ ఇది మనిషిని బట్టి మారదు. "డిడ్ నాట్ వాష్" కూడా మారదు.

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు సాయం చేయదు, పైగా తప్పుదారి పట్టిస్తుంది. "కడిగావా?" అన్నప్పుడు మన క్రియలో భూతకాలం అలాగే ఉంటుంది. అదే ఊపులో "డిడ్ యు వాష్ట్?" వచ్చేస్తుంది. వాక్యంలో "డిడ్" కనపడిందంటే కాలం చెప్పడం అయిపోయింది. రెండోసారి చెప్పకండి: "డిడ్ యు వాష్ ది కార్?"

"యూస్టు"కి కూడా ఇదే వర్తిస్తుంది. "ఐ డిడ్ నాట్ యూస్టు" అని రాసేటప్పుడు యూజ్ చివర డీ ఉండకూడదు. పలుకుబడిలో తేడా తెలియదు గానీ రాతలో పట్టుబడతారు.

"ఐ డిడ్ వాష్ ఇట్" అని లేదు లేకుండా కూడా అంటారు. ఎదుటివాళ్ళు కడగలేదేమో అని అనుమానిస్తే "నిజంగానే కడిగాను" అని నొక్కి చెప్పడానికి. ఊరికే చెప్పాల్సిన చోట ఇది వాడితే దెబ్బలాడుతున్నట్టు వినపడుతుంది.

6. హ్యాడ్‌ని దాని చోట మాత్రమే పెట్టండి

మన దగ్గర "హ్యాడ్" వాడకం చాలా ఎక్కువ. పాత సంగతి కాబట్టి, లేదా మర్యాదగా ఉంటుందనుకుని, "ఐ హ్యాడ్ కాల్డ్ యు యెస్టర్డే" అంటారు. విన్న ఇంగ్లీష్ వ్యక్తి "సరే, ఆ తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తాడు. హ్యాడ్ అంటే "చాలా పాతది" అని కాదు. గతంలో జరిగిన రెండు పనుల్లో ముందు జరిగింది అని. పని ఒక్కటే ఉండి, వెనకా ముందూ చెప్పాల్సిన అవసరం లేకపోతే మామూలు "కాల్డ్" చాలు, అది వందేళ్ళ కిందటి సంగతైనా సరే.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని చూడండి.

- వెన్ వి అరైవ్డ్, ది మీటింగ్ స్టార్టిడ్. మేము వచ్చాకే మీటింగ్ మొదలైంది.
- వెన్ వి అరైవ్డ్, ది మీటింగ్ హ్యాడ్ స్టార్టిడ్. మేము వచ్చేసరికి మీటింగ్ మొదలైపోయింది.

మొదటి వాక్యంలో మీ కోసం ఆగారు. రెండో వాక్యంలో మీరు ఆలస్యంగా వచ్చారు. తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పరీక్ష సులువు: మీ తెలుగు వాక్యంలో "అప్పటికే" పెట్టి చూడండి. అతికితే హ్యాడ్ పెట్టండి. అతకకపోతే తీసేయండి. "ఆఫ్టర్", "బిఫోర్" లాంటి మాటలు ఉన్నప్పుడు ఏది ముందో అవే చెప్పేస్తాయి కాబట్టి హ్యాడ్ లేకున్నా తప్పు కాదు.

"అప్పటికి గంట నుంచి కడుగుతున్నాను" అనాలంటే "ఐ హ్యాడ్ బీన్ వాషింగ్ ఫర్ యాన్ అవర్". ఇది మాటల్లో తక్కువగానే వస్తుంది. ఇక్కడ "నుంచి" అనే మాట చూసి "ఫ్రమ్ యాన్ అవర్" అనకండి. ఎంతసేపు అని చెప్పేటప్పుడు "ఫర్", ఎప్పటినుంచి అని చెప్పేటప్పుడు "సిన్స్".

"హ్యావ్" గురించి కూడా ఒక్కమాట. "ఐ హ్యావ్ వాష్ట్ ది కార్" మంచి వాక్యమే, కానీ దాని పక్కన యెస్టర్డే, లాస్ట్ వీక్ లాంటి అయిపోయిన సమయం పెట్టకూడదు. సమయం చెప్పాలనుకుంటే హ్యావ్ తీసేయండి.

7. వాజ్ పక్కన ఈడీ పెట్టకండి

"ఐ వాజ్ కంప్లీటిడ్ మై డిగ్రీ." ఇంటర్వ్యూల్లో టెన్షన్‌లో చాలామంది నోట వచ్చే వాక్యం ఇది. వాజ్ పక్కన ఈడీ వస్తే ఆ పని మీ మీద జరిగినట్టు. "ఐ వాజ్ వాష్ట్" అంటే నన్ను ఎవరో కడిగారు అని. "ది కార్ వాజ్ వాష్ట్" అనొచ్చు, కారును ఎవరో కడిగారు కాబట్టి. పని చేసింది మీరే అయితే వాజ్ పక్కన ఐఎన్‌జీ పెట్టండి, లేదా వాజ్ తీసేసి "ఐ కంప్లీటిడ్" అనండి.

వాంట్, నీడ్, లైక్, బిలీవ్ లాంటివి మనసులో ఉండేవి కాబట్టి వాటికి మామూలుగా ఐఎన్‌జీ పెట్టరు. "ఐ వాంటిడ్" చాలు.

8. రాసినదాన్ని పరీక్షించుకోండి

నిన్న ఏం చేశారో ఐదు వాక్యాలు రాయండి. నేను చూసిన తప్పులన్నీ కలిపి ఒక మచ్చు తయారుచేశాను. కింద జవాబులు చూడకముందే మీరే దిద్దండి.

యెస్టర్డే ఐ యామ్ వర్కింగ్ టిల్ ఎయిట్. మై ఫ్రెండ్ హ్యాడ్ కాల్డ్ మి. ఐ డిడ్ నాట్ ఆన్సర్డ్. వెన్ ఐ కాల్డ్ హిమ్ బ్యాక్, హి స్విచ్ట్ ఆఫ్ హిజ్ ఫోన్. ఐ వాజ్ వెయిటిడ్ ఫర్ యాన్ అవర్.

మొదటి వాక్యంలో "యామ్" నిన్నటి మాట కాదు. ఎనిమిదింటిదాకా చేసి ముగించారు కాబట్టి "ఐ వర్క్‌ట్ టిల్ ఎయిట్". రెండోదానిలో "అప్పటికే" అతకదు, "కాల్డ్ మి" చాలు. మూడోదానిలో కాలం రెండుసార్లు చెప్పారు, "డిడ్ నాట్ ఆన్సర్" అనాలి. నాలుగోది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, అందుకే కనిపెట్టడం కష్టం. అది చెప్పేది ఏమిటంటే, నేను ఫోన్ చేయగానే వాడు ఫోన్ ఆపేశాడు అని! చెప్పాలనుకున్నది అప్పటికే ఆపేశాడని. "హి హ్యాడ్ స్విచ్ట్ ఆఫ్ హిజ్ ఫోన్" అనాలి. ఒక్క మాట లేకపోతే స్నేహితుడి మీద నింద పడుతుంది. ఐదోదానిలో వాజ్ తీసేసి "ఐ వెయిటిడ్".

మీ సొంత వాక్యాలకు ఇలా చేయండి. ప్రతి "డిడ్" చుట్టూ సున్నా చుట్టి, దాని తర్వాతి క్రియకు ఈడీ ఉంటే కొట్టేయండి. ప్రతి "హ్యాడ్" కిందా గీత గీసి "అప్పటికే" పరీక్ష పెట్టండి. ప్రతి "వాజ్" పక్కనా ఈడీ ఉందా, ఐఎన్‌జీ ఉందా చూడండి. ఇంకేమీ చూడకపోయినా ఈ మూడూ చూడండి.

తర్వాత ఆ వాక్యాలను పైకి చదివి రికార్డ్ చేయండి. ఒక పూట ఆగి వినండి, వెంటనే వింటే మీరు అనుకున్నదే వినపడుతుంది. ఉకారం చేరిందా, "వర్కెడ్" అన్నారా అని మాత్రమే గమనించండి. ఫోన్‌లో మాటలను టైప్ చేసే సౌకర్యం ఉంటే దానితో కూడా చూసుకోవచ్చు. పూర్తి వాక్యం చెబితే అది సందర్భాన్ని బట్టి సరిచేసేస్తుంది, కాబట్టి ఒక్కొక్క పదమే చెప్పి చూడండి.

"వాష్" పూర్తయ్యాక ఈ ఐదు క్రియలు ఈ వరుసలో చేయండి. ఒక్కోదానిలో ఒక్కో చిక్కు ఉంది. రాసి, పలికి, నాలుగు తెలుగు వాక్యాలకూ నాలుగు ఇంగ్లీష్ వాక్యాలు తయారుచేయండి.

- స్టాప్: పీ రెండుసార్లు, పలికేది స్టాప్ట్.
- స్టడీ: వై పోయి ఐ వస్తుంది, పలికేది స్టడీడ్. ఐఎన్‌జీకి వై ఉంటుంది.
- వెయిట్: టీ ఒక్కసారే, పలికేది వెయిటిడ్.
- ప్లాన్: ఎన్ రెండుసార్లు, పలికేది ప్లాన్డ్.
- ఆస్క్: రాయడం తేలిక, పలకడం కష్టం. ఆస్క్ట్ అనడం నోటికి తిరగకపోతే "ఆస్ట్" అనండి. వేగంగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీష్ వాళ్ళలో చాలామంది అలాగే అంటారు.